అధిక వేగంలో స్పోర్ట్స్ కారు నిలకడ: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నా రెండు సీట్ల స్పోర్ట్స్ కారుకు ఇంజిన్ ముందు ఉంటుంది, శక్తి వెనుక చక్రాలకు అందుతుంది. రేస్ ట్రాక్ మీద గంటకు 120 కిలోమీటర్ల వరకు కారు హాయిగా నడుస్తుంది. 180 దాటగానే స్టీరింగ్ తేలికైపోతుంది, వెనుక భాగం అటూ ఇటూ కదులుతున్నట్టు ఉంటుంది. పోయిన సంవత్సరం పొట్టి స్ప్రింగులు వేయించి కారును కిందికి దించాను, ముందు బంపరు కింద లిప్ స్పాయిలర్ (గాలిని అడ్డుకునే పలుచటి పట్టీ) బిగించాను. ఇప్పుడు వెనుక పెద్ద వింగ్ (గాలి బలంతో కారును కిందికి నొక్కే రెక్క) పెడితే అంతా సర్దుకుంటుందని మిత్రులు అంటున్నారు. నిజమేనా?

జవాబు: వింగ్ గురించి ఆలోచించే ముందు మీరు చెప్పిన రెండు లక్షణాలను వేరువేరుగా చూడాలి. స్టీరింగ్ తేలికవడం ముందు చక్రాల సమస్య, వెనుక భాగం కదలడం వెనుక చక్రాల సమస్య. రెండూ ఒకే వేగం దగ్గర బయటపడుతున్నాయి కాబట్టి రెండింటికీ కారణం ఒకటే అనుకోవడం సహజం, కానీ మీరు చేయించిన మార్పులను బట్టి చూస్తే వెనుక సమస్యలో కొంత భాగం ఆ మార్పుల వల్లే వచ్చి ఉండవచ్చునని నా అభిప్రాయం.

మొదట వేగంతో ఏం మారుతుందో చూద్దాం. కారు పైభాగం వంపు తిరిగి ఉంటుంది కాబట్టి దాని మీదుగా పోయే గాలి వేగం పెరుగుతుంది, పీడనం తగ్గుతుంది. దానితో కారును పైకి లేపే బలం పుడుతుంది. ఈ బలం వేగం వర్గానికి అనుపాతంలో పెరుగుతుంది. ఉదాహరణకు 120 వద్ద వెనుక యాక్సిల్ (రెండు వెనుక చక్రాల జత) మీద 20 కిలోల భారం తగ్గుతోందనుకుంటే, 180 వద్ద 45 కిలోలు, 240 వద్ద 80 కిలోలు తగ్గుతుంది. స్పోర్ట్స్ కారు అసలే తేలికైనది కాబట్టి ఈ తగ్గుదల టైర్ల పట్టులో స్పష్టంగా తెలుస్తుంది.

రెండో కారణం అంతగా చర్చకు రాదు గాని, ముఖ్యమైనది. కారు కొద్దిగా పక్కకు మళ్లినప్పుడు ఆ కదలికను ఆపే ప్రతిఘటన టైర్ల నుంచే రావాలి. ఆ ప్రతిఘటన టైరు ఎంత అడ్డంగా జారుతోంది అన్న కోణం మీద ఆధారపడుతుంది, ఒకే మోతాదు మళ్లింపుకు వేగం రెట్టింపైతే ఆ కోణం సగమవుతుంది. అందువల్ల 80 వద్ద తనంతట తాను వెంటనే సద్దుమణిగే ఊగిసలాట 180 వద్ద మరికొంతసేపు కొనసాగుతుంది. గాలి బలాలు ఏమాత్రం లేకపోయినా ఇది జరుగుతుంది, కాబట్టి ఎంత మంచి స్పాయిలర్ పెట్టినా దీన్ని పూర్తిగా తీసివేయలేము.

ఇందుకే అధిక వేగంలో నిలకడకు మూలసూత్రం ఒకటే: వెనుక చక్రాల పట్టు ఎప్పుడూ ముందు చక్రాల పట్టు కంటే కొంత మెరుగ్గా ఉండాలి. బాణం నేరుగా పోవడానికి ఈకలు వెనుక ఎందుకు ఉంటాయో, ఇక్కడా కారణం అదే. ముందు చక్రాలు ముందుగా జారే స్వభావం ఉన్న కారుకు వేగంతో పాటు నిలకడ పూర్తిగా పోవడమంటూ ఉండదు. వెనుక చక్రాలు ముందుగా జారే కారుకు మాత్రం ఒక హద్దు వేగం ఉంటుంది, ఆ వేగం దాటితే డ్రైవరు నిరంతరం సరిదిద్దుతూ ఉంటే తప్ప అది నేరుగా పోదు.

ఇప్పుడు మీ కారు విషయానికి వద్దాం. ముందు లిప్ బిగించినప్పుడు కారు కిందికి దూరే గాలి తగ్గి, ముందు చక్రాల పట్టు పెరిగింది. వెనుక ఏ మార్పూ చేయలేదు కాబట్టి మొత్తం సమతూకం ముందు వైపుకు, అంటే ప్రమాదకరమైన వైపుకు జరిగింది. పొట్టి స్ప్రింగులు ఇంకో చిక్కు తెచ్చి ఉండవచ్చు. కారు కిందికి దిగినప్పుడు సస్పెన్షన్ చేతుల కోణాలు మారిపోతాయి. చక్రం పైకీ కిందికీ కదిలినప్పుడల్లా దాని దిశ కూడా కొద్దికొద్దిగా మారడం మొదలవుతుంది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. చిన్న ఎత్తుపల్లాల మీద వెనుక భాగం తనంతట తాను కదులుతున్నట్టు అనిపించడానికి ఇది చాలు. పైగా కారును దించినప్పుడు ముందు కంటే వెనుక ఎక్కువ దిగి ఉంటే, ముక్కు పైకి ఎత్తిన భంగిమ ఏర్పడి కింద దూరే గాలి ఇంకా పెరుగుతుంది. లిప్ పెట్టినా స్టీరింగ్ తేలికవడం తగ్గకపోవడానికి ఇది కారణం అయ్యే అవకాశం ఉంది. సమతలంగా ఉన్న నేల మీద కారు నిలబెట్టి తలుపు కింది గుమ్మం అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉందో దాని ముందు చివర, వెనుక చివర కొలవండి. ముందు భాగం వెనుక కంటే కొద్దిగా తక్కువ ఎత్తులో ఉండాలి.

తరువాత గ్యారేజీలో చేయించవలసిన పని, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది, వెనుక సస్పెన్షన్‌ను నిదానంగా పరిశీలించడం. సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌లు చీలినా, మెత్తబడినా మామూలు వేగంలో ఏమీ తెలియదు. బ్రేకు వేసినప్పుడో యాక్సిలరేటర్ వదిలినప్పుడో చక్రం ముందు అంచు బయటికి తిరుగుతుంది, అధిక వేగంలో అదే వెనుక భాగం జారడంగా బయటపడుతుంది. బాల్ జాయింట్లు, టై రాడ్ చివరలు, వీల్ బేరింగులు, షాక్ అబ్సార్బర్ల నుంచి ఆయిల్ కారడం, ఇవన్నీ అప్పుడే చూడాలి. బంప్ స్టీర్ ఉందో లేదో తేల్చుకోవడానికి స్ప్రింగు తీసేసి, జాకీతో చక్రాన్ని ఒక్కో సెంటీమీటరు పైకి లేపుతూ ప్రతి దశలో చక్రం దిశను కొలుస్తారు. ఓపిక కావలసిన పని, కానీ వచ్చిన అంకెలను వరుసగా కాగితం మీద పెడితే సందేహానికి తావుండదు.

ఆ తరువాతే వీల్ అలైన్‌మెంట్. డ్రైవరు సీట్లో మీ బరువు, ట్యాంకులో సగం ఇంధనం ఉంచి చేయించండి. వెనుక చక్రాలకు స్వల్పంగా టో-ఇన్, అంటే చక్రాల ముందు అంచులు లోపలికి చూసేలా, తయారీదారు చెప్పిన పరిధిలోనే పెట్టించండి. ఒక్కో చక్రానికి 0.1 నుంచి 0.2 డిగ్రీలు చాలా కార్లకు సరిపోతుంది. వెనుక టో-అవుట్, అంటే ముందు అంచులు బయటికి చూడటం, ఏ పరిస్థితిలోనూ వద్దు. ముందు చక్రాలకు క్యాస్టర్ కోణం, అంటే స్టీరింగ్‌తో చక్రం తిరిగే అక్షం వెనక్కి వాలిన కోణం, కుడి ఎడమలకు సమానంగా ఉండాలి, పరిధిలో కొంత ఎక్కువ వైపు ఉంటే స్టీరింగ్ నడిమికి తిరిగి వచ్చే గుణం బలపడుతుంది.

ఇన్ని చేశాక కూడా వెనుక భాగం తేలుతుంటే అప్పుడు వింగ్ ఆలోచించవచ్చు. అయితే వింగ్ సాధారణంగా వెనుక యాక్సిల్‌కు ఇంకా వెనుక ఉంటుందని మరవకండి. వీల్‌బేస్ (ముందు, వెనుక చక్రాల మధ్య దూరం) 2.5 మీటర్లు, వింగ్ మధ్యభాగం వెనుక యాక్సిల్‌కు 0.5 మీటరు వెనుక ఉందనుకుందాం. వింగ్ 100 కిలోల బలంతో కిందికి నొక్కితే వెనుక చక్రాల మీద 120 కిలోలు పెరుగుతుంది, ముందు చక్రాల మీద 20 కిలోలు తగ్గుతుంది. వింగ్‌ను గాలి వెనక్కి నెట్టే బలం ఎత్తులో పని చేస్తుంది కాబట్టి ముందు భారం ఇంకొంత తగ్గుతుంది. ఇప్పటికే స్టీరింగ్ తేలికగా ఉందంటున్న కారుకు ఈ లెక్క చూడకుండా పెద్ద వింగ్ పెట్టడం ఒక సమస్యను ఇచ్చి మరో సమస్యను తెచ్చుకోవడమే. చిన్న వెనుక స్పాయిలర్‌తో మొదలుపెట్టి, ఇప్పుడున్న ముందు లిప్‌తో దానిని సమతూకం చేసుకోవడం మేలు. వింగ్‌ను పలుచటి డిక్కీ రేకుకు కాకుండా దాని కింద బలమైన నిర్మాణానికి బిగించాలి.

ప్రశ్న: పెద్ద తయారీ సంస్థలు గాలిని కృత్రిమంగా వీచే పరీక్షా సొరంగం, అంటే విండ్ టన్నెల్‌లో పరీక్షించి అమ్మే కార్లకు కూడా ఇటువంటి సమస్యలు వస్తాయా?

జవాబు: వచ్చాయి, వాటిని సరిదిద్దిన తీరు మనకు మంచి పాఠం కూడా. పోర్షే 911 ఇంజిన్ వెనుక యాక్సిల్‌కు ఇంకా వెనుక ఉంటుంది, కాబట్టి గరిమనాభి (కారు బరువు కేంద్రం) వెనక్కి జరిగి, మొదటి సంవత్సరాల్లో ఆ కారు నిలకడ డ్రైవరుకు పరీక్షగా ఉండేది. ఒక దశలో ముందు బంపరు లోపల ఒక్కో వైపు 11 కిలోల ఇనుప దిమ్మలు పెట్టారు. 1969 మోడల్‌కు వెనుక చక్రాలను వెనక్కి జరిపి వీల్‌బేస్‌ను 57 మిల్లీమీటర్లు పెంచారు. 1973 మోడల్ కరెరా ఆర్‌ఎస్ 2.7కు ఇంజిన్ మూత మీద బాతు తోకలాంటి స్పాయిలర్ వచ్చింది. వెనుక చక్రాలను పైకి లేపే బలాన్ని అది గణనీయంగా తగ్గించింది. బరువు, కొలతలు, గాలి, ఈ మూడింటినీ ఒకదాని తరువాత ఒకటిగా తాకిన ఈ క్రమం నాకు ఎంతో నచ్చుతుంది.

1998లో అమ్మకానికి వచ్చిన ఆడి టీటీ గుండ్రటి వెనుక భాగం అందంగా ఉన్నా, జర్మనీ హైవేలైన ఆటోబాన్ల మీద అధిక వేగంలో తీవ్ర ప్రమాదాలు జరిగాక సంస్థ కార్లను వెనక్కి పిలిపించింది. వెనుక చిన్న స్పాయిలర్, ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ ప్రోగ్రామ్ (కారు జారబోతే చక్రాలకు తానే బ్రేకు వేసే ఏర్పాటు) చేర్చడంతో పాటు సస్పెన్షన్‌లో కూడా మార్పులు చేశారు. స్పాయిలర్ ఒక్కటే చాలని వారు అనుకోలేదన్నది గమనించండి.

రేసింగ్‌లో 1999లో ఫ్రాన్స్‌లో జరిగిన లె మాన్స్ 24 గంటల పోటీ అన్నిటికంటే గట్టి హెచ్చరిక. మెర్సిడెస్ సీఎల్‌ఆర్ కార్లు ఆ వారంలో మూడుసార్లు గాలిలోకి లేచి తిరగబడ్డాయి. డ్రైవర్లు ప్రాణాలతో బయటపడ్డారు, మిగిలిన కారును సంస్థ పోటీ నుంచి తప్పించింది. చక్రాల ముందు, వెనుక శరీర భాగాలు పొడవుగా ఉన్న కారు ట్రాక్ మిట్ట దాటుతూ ముక్కు ఎత్తినప్పుడు, అప్పటిదాకా కిందికి నొక్కుతున్న గాలే పైకి ఎత్తే బలంగా మారింది. కారు సమతలంగా ఉన్నప్పుడు కొలిచిన బలాలు అది కొద్దిగా వాలినప్పుడు కూడా అలాగే ఉంటాయని అనుకోరాదు.

ప్రశ్న: టైరు మీద ‘డబ్ల్యూ’ అని ఉంది. 270 వరకు నిశ్చింతగా ఉండవచ్చా?

జవాబు: సగం మాత్రమే నిజం. ‘హెచ్’ 210, ‘వి’ 240, ‘డబ్ల్యూ’ 270, ‘వై’ 300 కిలోమీటర్ల వేగాన్ని సూచిస్తాయి. అయితే ‘డబ్ల్యూ’ టైరు తన మీద రాసిన పూర్తి భారాన్ని 240 వరకే మోయగలదు. 270 వద్ద ఆ భారంలో 85 శాతమే లెక్కించాలి. గాలి తక్కువగా ఉన్నా, పంక్చరు అతికించినా, టైరు పాతబడినా ఈ లెక్క వర్తించదు. గాలి తక్కువైన టైరు పక్కగోడ ప్రతి చుట్టులో ఎక్కువగా వంగుతుంది, ఆ వంపు వేడిగా మారుతుంది, వేడి టైరును లోపలి నుంచి తినేస్తుంది. ఒత్తిడిని టైరు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. పక్కగోడ మీద తయారైన వారం, సంవత్సరం తెలిపే నాలుగు అంకెలను కూడా చదవండి. నాలుగు టైర్లూ ఒకే రకానివి ఉండాలి. రెండే కొత్తవి వేయగలిగితే, పరిమాణం ఒకటే అయినప్పుడు, అవి వెనుక ఉండాలి.

ప్రశ్న: పక్కగాలి తగిలినప్పుడు కారు ఒక్కసారిగా పక్కకు జరుగుతుంది. దీనికి ఉపాయం ఉందా?

జవాబు: పక్కగాలి బలం పని చేసే కేంద్రం చాలా కార్లలో గరిమనాభికి ముందుంటుంది, అందువల్ల గాలి కారును నెట్టడమే కాక ముక్కును కూడా తనకు దూరంగా తిప్పుతుంది. ఆ కేంద్రాన్ని వెనక్కి జరిపి, కారు అడ్డం తిరిగి గాలిలోకి లేచే ప్రమాదాన్ని తగ్గించడానికి 2011 నుంచి లె మాన్స్ ప్రోటోటైప్ కార్లకు (రేసు కోసమే తయారైన కార్లకు) ఇంజిన్ మూత మీద నిలువు ఫిన్ (నిలువు రెక్క) తప్పనిసరి చేశారు. సాధారణ స్పోర్ట్స్ కారుకు అంత అవసరం లేదు. వెనుక టో-ఇన్, మంచి బుష్‌లు, వేగం తగ్గించడం, స్టీరింగ్‌ను బిగబట్టకుండా చిన్న కదలికలతో సరిదిద్దడం, ఇవే మందు. ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్‌ను ఆపవద్దు, అయితే అది టైరుకు ఉన్న పట్టునే వాడుకోగలదు గాని కొత్త పట్టును సృష్టించలేదు.

ప్రశ్న: విండ్ టన్నెల్ మాకు అందుబాటులో ఉండదు. చేసిన మార్పు పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది?

జవాబు: అద్భుతమైన ప్రశ్న, ఎందుకంటే డ్రైవరు అనుభూతి ఒక్కటే ఆధారమైతే కొత్తగా ఖర్చు పెట్టిన వస్తువు ఎప్పుడూ బాగానే పని చేసినట్టు కనిపిస్తుంది. ముందు, వెనుక చక్రాల పైనున్న ఫెండర్ల అంచులు కనిపించేలా చిన్న కెమెరాలు గట్టిగా బిగించి, మూసివున్న ట్రాక్ మీద నున్నటి, నేరుగా ఉన్న భాగంలో మొదట 60, తరువాత 180 కిలోమీటర్ల నిలకడైన వేగంతో, బ్రేకు గాని అదనపు యాక్సిలరేటర్ గాని లేకుండా నడపండి. టైరుకూ ఫెండరుకూ మధ్య దూరం ఎంత పెరిగిందో వీడియోలో కొలవండి. చక్రం దగ్గర స్ప్రింగు బిగువు మిల్లీమీటరుకు 3 కిలోలైతే, రెండు వైపులా 8 మిల్లీమీటర్లు లేస్తే, ఆ యాక్సిల్ మీద దాదాపు 48 కిలోల భారం తగ్గిందన్నమాట. 60 వద్ద ఉండే లిఫ్ట్ (పైకి లేపే బలం) 180 వద్ద ఉండేదానిలో తొమ్మిదో వంతే కాబట్టి ఈ పోలికలో పెద్ద తప్పు రాదు.

గాలి ఎక్కడ శరీరాన్ని వదిలి సుడులు తిరుగుతోందో చూడాలంటే వెనుక అద్దం, డిక్కీ మీద చిన్న ఊలు పోగులు టేపుతో అంటించి, వెనుక కారులోంచి చిత్రీకరించండి. పోగులు బారుగా పడుకుంటే గాలి అంటిపెట్టుకుని ఉంది. అవి గిరగిరా తిరుగుతూ ముందుకు కూడా లేస్తుంటే అక్కడ పెట్టిన తక్కువ ఎత్తు వింగ్ తన పని సరిగా చేయలేదు. ఒకసారికి ఒకే మార్పు చేయండి. ముందు చక్రాల దగ్గరి అంకె, వెనుక చక్రాల దగ్గరి అంకె, ఆ రోజు గాలి దిశ, టైర్ల ఒత్తిడి ఒకే పుస్తకంలో రాసి ఉంచుకోండి. వెనుక అంకె తగ్గి ముందు అంకె పెరిగితే, తదుపరి ప్రయత్నంలో వింగ్ కోణాన్ని ఒక డిగ్రీ తగ్గించి మళ్లీ కొలవండి.