షుగర్, ఆస్తమా ఉన్న అమ్మానాన్నలతో తొలిసారి ఢిల్లీ.. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది మంచిర్యాల. నాన్నకు 66 ఏళ్లు, అమ్మకు 61. ఇద్దరూ ఇప్పటిదాకా హైదరాబాద్, తిరుపతి తప్ప పెద్దగా ఎక్కడికీ వెళ్లలేదు. ఈసారి ఢిల్లీ చూపిద్దామని నవంబర్ మూడో వారంలో మూడు రోజులకు ప్లాన్ వేశాను. గురువారం పొద్దున రైలు దిగగానే ఎర్రకోట, జామా మసీదు, రాజ్‌ఘాట్, ఇండియా గేట్. శుక్రవారం ఆగ్రా, మథుర. శనివారం కుతుబ్ మినార్, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ చూసుకుని రాత్రికి రైలెక్కాలి. నాన్నకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పొద్దున గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రాత్రికి గ్లార్జిన్ ఇన్సులిన్ వాడుతున్నారు. బీపీ మాత్ర వేసుకుంటే మాటిమాటికీ మూత్రం వస్తోందని ప్రయాణం రోజు మానేస్తుంటారు. అరికాళ్లలో తిమ్మిర్లు కూడా ఉన్నాయి. అమ్మకు ఆస్తమా. ఆయాసం వచ్చినప్పుడు మాత్రమే ఇన్‌హేలర్ పీలుస్తుంది. మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి మాత్రలు తెచ్చుకుంటుంది. వెంట ఏ మందులు తీసుకెళ్లాలి? చాందినీ చౌక్‌లో జిలేబీ తినొచ్చా అని నాన్న ప్రత్యేకంగా అడగమన్నారు.

జవాబు: మందుల సంగతి తర్వాత చూద్దాం. ముందు తేదీలు మార్చుకోండి. ఆస్తమా ఉన్న మనిషిని నవంబర్‌లో ఢిల్లీ తీసుకెళ్లడం నాకు అసలు ఇష్టం లేదు. ఆ నెలలో అక్కడ గాలి దాదాపు స్తంభించిపోతుంది. చలికి నేల దగ్గరి గాలి చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కప్పేస్తుంది. దాంతో వాహనాల పొగ, నిర్మాణాల దుమ్ము, పంజాబ్, హరియాణా పొలాల్లో తగలబెట్టే వరి కొయ్యకాళ్ల పొగ అంతా కిందే ఉండిపోతుంది. గాలి నాణ్యత సూచీ 301 దాటితే ‘చాలా అధ్వానం’, 401 దాటితే ‘తీవ్రం’ అని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క. నవంబర్‌లో ఢిల్లీకి ఈ రెండు అంకెలూ కొత్తేమీ కాదు. మంచిర్యాలలో నెలకోసారి ఇన్‌హేలర్ తీసే మనిషికి అక్కడ రాత్రిళ్లు నిద్ర పట్టకపోవచ్చు.

పోనీ డిసెంబర్, జనవరి అంటారా, చలికి తోడు పొగమంచు. రైళ్లు గంటల తరబడి ఆలస్యం. ఏప్రిల్ నుంచి ఎండలు. కాబట్టి ఫిబ్రవరి రెండో సగం నుంచి మార్చి రెండో వారం లోపు పెట్టుకోండి. గాలి అప్పుడూ స్వచ్ఛంగా ఉంటుందని కాదు, నవంబర్ కంటే ఎంతో నయం. ఉదయం సన్నటి స్వెటర్ చాలు. రాష్ట్రపతి భవన్‌లోని అమృత్ ఉద్యాన్‌ను ఏటా ఆ రోజుల్లోనే జనం కోసం తెరుస్తారు. ఆన్‌లైన్‌లో ముందుగా బుక్ చేసుకోవచ్చు, ప్రవేశం ఉచితం, సోమవారం సెలవు. మీ అమ్మగారు మోకాళ్లను మరీ కష్టపెట్టకుండా చూడగలిగిన చోటు అది.

తేదీ మారితే మీ అమ్మగారికి సన్నద్ధం కావడానికి టైమ్ కూడా దొరుకుతుంది. ఆయాసం వచ్చినప్పుడే పీల్చే ఇన్‌హేలర్ అప్పటికప్పుడు శ్వాసనాళాలను తెరుస్తుంది, అంతే. లోపలి వాపు అలాగే ఉంటుంది. దాన్ని తగ్గించేది రోజూ వాడాల్సిన స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ‘అలవాటైపోతుంది డాక్టర్’ అని చాలామంది దాన్ని పక్కన పడేస్తారు. అలవాటు కాదు. పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేస్తే చాలు, దాని వల్ల వచ్చే ఇబ్బందుల్లో చాలావరకు పోతాయి. ప్రయాణానికి కనీసం నెల ముందు ఊపిరితిత్తుల డాక్టర్‌కు చూపించి అది మొదలుపెట్టించండి. ఇన్‌హేలర్ ఎలా పీలుస్తున్నారో డాక్టర్ ఎదుటే ఒకసారి చేసి చూపించమనండి. సగం మందికి మందు నాలుక మీదే పడుతుంటుంది. ఇన్‌హేలర్‌కు తగిలించుకునే గొట్టం, స్పేసర్ అంటారు, అడిగి తీసుకోండి. ఫ్లూ టీకా ఇద్దరూ వేయించుకోవాలి, బయల్దేరడానికి కనీసం రెండు వారాల ముందు.

బయట మాస్కు పెట్టుకోవాలి. ఎన్95, ముక్కు దగ్గర తీగ నొక్కి సందు లేకుండా. కొంగు అడ్డం పెట్టుకుంటే దుమ్ము ఆగుతుందేమో గానీ ఊపిరితిత్తుల్లోకి దిగే సన్నటి కణాలు ఆగవు. ఉదయం, రాత్రి కంటే మధ్యాహ్నం గాలి కాస్త మెరుగు, బయట తిరిగేది అప్పుడే పెట్టుకోండి. కాలుష్య మండలి వాళ్ల ‘సమీర్’ యాప్‌లో ఆ రోజు సూచీ చూసి బయల్దేరండి. ఆయాసం ఇన్‌హేలర్‌కు తగ్గినట్టే తగ్గి నాలుగు గంటలు కూడా గడవకముందే మళ్లీ వస్తున్నా, ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, ఇక ఆ రోజు చూడాల్సింది ఆసుపత్రే. 112కి ఫోన్ చేయండి.

మోకాళ్ల నొప్పి మాత్రల గురించి మీరు మాటవరసకు రాశారు. నాకు మాత్రం మీ ఉత్తరం మొత్తంలో అదే ఎక్కువ కలవరపెట్టింది. మెడికల్ షాపుల్లో అడిగితే ఇచ్చేవి ఎక్కువగా డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటివి. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి ఇవి వేసుకున్న గంటా రెండు గంటల్లో ఆయాసం ముంచుకొస్తుంది. ఇక ఊరు కాని ఊళ్లో ‘నాక్కూడా కాళ్లు లాగుతున్నాయి, ఒకటివ్వు’ అని మీ నాన్నగారు అందులోంచి తీసుకుంటారు. షుగర్, బీపీ ఉన్న మనిషికి వాటి దెబ్బ కిడ్నీల మీద పడుతుంది, బీపీ కూడా పెరుగుతుంది. ఆ మాత్రల పట్టీ ఇంట్లోనే వదిలేయండి. నొప్పికి పారాసెటమాల్ 650, మోకాళ్లకు రాసుకునే మందు అవసరమా అన్నది డాక్టర్‌ని అడగండి. చేతికర్ర తీసుకెళ్లడానికి మొహమాటపడొద్దని అమ్మగారికి నా మాటగా చెప్పండి.

ఇప్పుడు నాన్నగారు. ఆయన విషయంలో నా భయం షుగర్ పెరుగుతుందని కాదు, పడిపోతుందని. గ్లిమెపిరైడ్ మాత్రకు మనం ఇంకా తినలేదన్న సంగతి తెలియదు, దాని పని అది చేసుకుపోతుంది. టూర్లలో తరచూ జరిగేది ఇది: ఆగ్రా వెళ్లాలని నాలుగున్నరకు లేస్తారు. స్నానం చేసి, అలవాటు ప్రకారం పరగడుపున మాత్ర వేసుకుంటారు. హోటల్‌లో టిఫిన్ అప్పటికి మొదలుకాదు. ‘దారిలో తిందాం’ అని కారెక్కుతారు. డ్రైవర్ తనకు తెలిసిన ఢాబా వచ్చేదాకా ఆపడు. అక్కడికి చేరేసరికి మనిషికి చెమటలు, చేతులు వణుకు, ఊరికే చిరాకు. పక్కనున్నవాళ్లు కారు పడక అనుకుంటారు. అందుకే ప్లేటు ఎదురుగా వచ్చాకే మాత్ర. మాత్ర ఆయన జేబులో కాదు, మీ జేబులో పెట్టుకోండి.

గ్లూకోమీటర్ వెంట ఉండాలి. షుగర్ 70 కంటే తగ్గితే మూడు టీ చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. అప్పటికీ పెరగకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక బిస్కట్లో రొట్టో తినాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయొద్దు, ఆసుపత్రికే. ఇంట్లో ఆయన రోజూ ఎంత నడుస్తారో నాకు తెలియదు గానీ, ఎర్రకోట గేటు దగ్గర్నుంచి లోపలి మహళ్ల దాకా వెళ్లి వచ్చేసరికి దానికి రెట్టింపు తేలిగ్గా అవుతుంది. అంత నడిచిన రోజు రాత్రి ఇన్సులిన్ మామూలు మోతాదే వేసుకోవాలా, కాస్త తగ్గించాలా అన్నది బయల్దేరే ముందే మీ డాక్టర్‌ను అడిగి రాయించుకోండి. సొంతంగా మానేయడం మాత్రం వద్దు.

వాడుతున్న గ్లార్జిన్ పెన్ను 30 డిగ్రీల లోపు వేడిలో 28 రోజుల వరకు బాగానే ఉంటుంది. కాబట్టి ఐస్ బాక్సుల హడావుడి అక్కర్లేదు. రైల్లో ఎండ పడే కిటికీ దగ్గర పెట్టకండి, హోటల్ ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో అసలే పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. విమానంలో వెళ్తే చేతి సంచిలోనే ఉండాలి, డాక్టర్ చీటీతో సహా.

బీపీ మాత్ర మానేసే అలవాటు గురించి. అందులో మూత్రం ఎక్కువ చేసే మందు కలిసి ఉండి ఉంటుంది. ప్రయాణం రోజు వేళ మార్చుకోవచ్చా, మాత్రే మార్చాలా అని డాక్టర్‌ని అడగండి. మానేయడం పరిష్కారం కాదు. ఆడవాళ్లది మరో తీరు, బయట టాయిలెట్ దొరకదని నీళ్లే తాగరు. తర్వాత తలనొప్పి, మూత్రంలో మంట. మ్యూజియాలు, పెద్ద స్మారకాల దగ్గర టాయిలెట్లు ఉంటాయి. లోపలికి వెళ్లగానే ముందు ఆ పని చూసుకుంటే సరిపోతుంది.

అరికాళ్లలో తిమ్మిర్లు అంటే స్పర్శ తగ్గుతోందని. ప్రయాణం కోసం కొత్త బూట్లు కొనకండి. కొనాలనుకుంటే నెల ముందే కొని ఇంట్లో వాడనివ్వండి. గుళ్లు, గురుద్వారాల్లో చెప్పులు విడిచి నడవాలి. ఎండకు కాలిన రాతి మీద నడిచినా ఆయనకు తెలియదు. రాత్రి రూముకు రాగానే రెండు పాదాలూ లైటు కింద మీరే చూడండి, వేళ్ల సందులు కూడా. బొబ్బ కనిపిస్తే గిల్లొద్దు, మర్నాడు నడక బంద్. చలిగా ఉందని వేడినీళ్ల సంచి, రూమ్ హీటర్ కాళ్ల దగ్గర పెట్టొద్దు. కాలినా కాలినట్టు తెలియని పాదాలవి.

మీ ప్లాన్‌కు వస్తే, అది పాతికేళ్ల కుర్రాళ్లకు సరిపోతుంది. పైగా శుక్రవారం తాజ్‌మహల్‌కు సెలవు, చూసుకున్నారా? సోమవారం ఎర్రకోట, లోటస్ టెంపుల్, అక్షర్‌ధామ్ మూసి ఉంటాయి. రోజుకు ఒక పెద్ద చోటు, ఓపిక ఉంటే సాయంత్రం ఒక చిన్నది. దిగిన రోజు మధ్యాహ్నం దాకా పడుకోనిచ్చి, సాయంత్రం ఇండియా గేట్, పక్కనే యుద్ధ స్మారకం చాలు. జామా మసీదుకు ముప్పైకి పైగా మెట్లు, అమ్మగారు కింద కూర్చుని చూసినా తప్పులేదు. ఎర్రకోటకు మెట్రోలో వైలెట్ లైన్ మీద లాల్ కిలా స్టేషన్ ఉంది, లిఫ్టు వాడుకోండి. కుతుబ్ మినార్ స్టేషన్ పేరు చూసి మోసపోకండి, అక్కడి నుంచి మినార్ దగ్గరికి ఆటో ఎక్కాల్సిందే. అక్షర్‌ధామ్‌లో ఫోన్లు, బ్యాగులు లోపలికి రానివ్వరు. ఇన్‌హేలర్, గ్లూకోజ్ పొట్లం డాక్టర్ చీటీతో సహా తనిఖీ దగ్గర చూపించి అడగండి. పేరు, జబ్బు, మాత్రలు, మీ నంబర్ రాసిన కాగితం ఇద్దరి జేబుల్లోనూ ఉండాలి. తప్పిపోతే ఫోన్ ఉండదు కదా.

ఆగ్రా కావాలంటే నాలుగో రోజు పెంచుకోండి. హజ్రత్ నిజాముద్దీన్ నుంచి గతిమాన్ ఎక్స్‌ప్రెస్ దాదాపు గంటా నలభై నిమిషాల్లో చేరుస్తుంది. కారులో రానూపోనూ ఏడెనిమిది గంటలు కాళ్లు ముడుచుకుని కూర్చునే బాధ తప్పుతుంది. మథుర ఈసారికి వదిలేయండి.

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ మీ ఊళ్లోనే ఆగుతుంది కాబట్టి రైలే మంచిది. టికెట్ తీసేటప్పుడు అమ్మానాన్నలకు సీనియర్ సిటిజన్ కోటాలో విడిగా తీయండి. మీతో కలిపి ముగ్గురికీ ఒకే టికెట్ తీస్తే ఆ కోటా వర్తించదు, అమ్మగారికి పై బెర్తు వస్తే మళ్లీ మోకాళ్లే. రెండు గంటలకోసారి లేచి బోగీలో నాలుగడుగులు వేయించండి. రైల్లో ఒంట్లో బాగోకపోతే రైల్వే హెల్ప్‌లైన్ 139కి చెప్పొచ్చు.

తిండి విషయంలో పెద్దగా భయపెట్టను. వేడివేడిగా కళ్లముందు చేసింది తినండి. కోసిపెట్టిన పండ్లు, పానీపూరీ నీళ్లు, ఐస్ వేసిన జ్యూసులు వద్దు. రెండు పూటలు రొట్టెలు తిన్నాక మనవాళ్లకు అన్నం మీద ప్రాణం లాగుతుంది. అశోకా రోడ్డులోని ఆంధ్రభవన్ క్యాంటీన్‌లో పప్పు, సాంబారు దొరుకుతాయి. అన్నం మళ్లీ మళ్లీ వడ్డిస్తారు, నాన్నగారి ప్లేటు మీద ఓ కన్నేయండి. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్ఎస్ ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లలో కలిపి తాగించండి, యాంటీబయాటిక్ సొంతంగా మొదలుపెట్టొద్దు. ఆ రోజు మెట్‌ఫార్మిన్, బీపీ మాత్ర వేయాలా వద్దా మీ డాక్టర్‌కు ఫోన్ చేసి అడగాలి.

జిలేబీకి నా అనుమతి ఉంది. ఒక్కటి. భోజనం తిన్నాక, ఆ పూట అన్నమో రొట్టో కొంత తగ్గించుకుని. ఖాళీ కడుపున వద్దు.

అన్నిటికంటే ముందు ఒక పరీక్ష. రెండు అంతస్తుల మెట్లు నాన్నగారు మామూలుగా ఎక్కగలరా? మధ్యలో ఆగి ఆయాసపడుతుంటే, టికెట్లు తీయకముందే గుండె డాక్టర్‌కు చూపించండి. చాలా ఏళ్లుగా షుగర్ ఉన్నవాళ్లకు గుండెపోటు ఛాతీనొప్పి లేకుండానే రావచ్చు. ఉన్నట్టుండి చెమటలు, ఊపిరాడకపోవడం, విపరీతమైన నీరసం ఉంటే గ్యాస్ అనుకుని సోడా తాగించకండి, పెద్దాసుపత్రి ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి. హెచ్‌బీఏ1సీ (మూడు నెలల షుగర్ సగటు), క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష), ఈసీజీ ఇప్పుడే చేయించి, రిపోర్టులు ఫోన్‌లో ఫొటోలు తీసి పెట్టుకోండి. మందులు ప్రయాణం రోజులకంటే ఒక వారం ఎక్కువ తీసుకెళ్లండి, అన్నీ ఒకే సంచిలో పెట్టకుండా.