పేజ్‌మేకర్ వదిలే ముందు

ఒరేయ్ చిన్నా,

మన డీటీపీ సెంటర్లో పుస్తకాల పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ తీసేసి ఇన్‌డిజైన్‌కి మారుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషంతో పాటే టెన్షన్ కూడా పట్టుకుంది. డైరీలు, క్యాలెండర్ల సీజన్ నెత్తిమీద పెట్టుకుని ఎవరైనా సాఫ్ట్‌వేర్ మారుస్తారట్రా? సంక్రాంతి వెళ్లనియ్యొచ్చుగా! అప్పుడు చిక్కడపల్లిలో ప్రెస్సులు కూడా కాస్త ఖాళీగా ఉంటాయి.

మారొద్దని కాదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, అదే ఆఖరు. దాన్ని తయారుచేసిన అడోబీ వాళ్లే వదిలేస్తే, ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో చేయి కుదిరింది కదా అని మనం పట్టుకుని వేలాడాం. ఈ మార్పు నా హయాంలోనే జరగాల్సింది. నువ్వు చేస్తున్నావు, అది నాకు గొప్పే.

డెమీ 1/8, క్రౌన్ లాంటి పుస్తకాల సైజులకు టెంప్లేట్లు ముందే చేసి పెట్టుకో. ఏ డాక్యుమెంటూ తెరవకుండానే పేరాగ్రాఫ్ సెట్టింగుల్లో వరల్డ్-రెడీ కంపోజర్ పెట్టు, ఇక ప్రతి కొత్త ఫైలుకీ అదే వస్తుంది. అది లేకపోతే యూనికోడ్ తెలుగులో, అంటే ఫోన్లలో, నెట్‌లో వాడే తెలుగులో, వత్తులు తలోదిక్కు పోతాయి. మేటరు ఒక్కటే విడిగా దిద్దుకునే స్టోరీ ఎడిటర్ కోసం పేజ్‌మేకర్ అలవాటుగా కంట్రోల్-ఇ కొడతావు, ఎక్స్‌పోర్ట్ తెరుచుకుంటుంది. ఇన్‌డిజైన్‌లో కంట్రోల్-వై. మొదటి వారమంతా దాన్ని తిడుతూనే ఉంటావు. మరొకటి, ఫ్రేము చివర చిన్న ఎర్ర ప్లస్ గుర్తు కనబడితే అక్కడ మేటరు ఇంకా మిగిలి ఉందని. దాన్ని చూడకుండా పీడీఎఫ్ పంపావంటే ఆ మేటరు పుస్తకంలో ఉండదు.

ఇవన్నీ చేతికి వచ్చేస్తాయి. నా భయం పాత అను మేటరును యూనికోడ్‌లోకి మార్చడం గురించి.

పెళ్లికి ముందు నేను పనిచేసిన ప్రెస్సులో ఒక రిటైర్డ్ తెలుగు మాష్టారు తన వ్యాసాల పుస్తకం వేయించుకున్నారు. ప్రూఫులన్నీ ఎర్ర పెన్నుతో ఆయనే దిద్దారు, ఆఖరి ప్రూఫు మీద ‘ముద్రించవచ్చు’ అని రాసి సంతకం పెట్టారు. సరిగ్గా అప్పుడే మా ఓనరుకు కొత్త సాఫ్ట్‌వేర్ మోజు పట్టింది. మేటరంతా కన్వర్టర్‌లో పోసి మళ్లీ పేజీలు కట్టించాడు. ఇంకోసారి ప్రూఫు తీద్దామండీ అన్నాను. “పాసైన ప్రూఫమ్మా, మళ్లీ ఎందుకు?” అన్నాడు.

అను మేటరు లోపల ఉండేది తెలుగు కాదురా, ఇంగ్లీషు అక్షరాల కోడ్లు. వాటికి ఫాంటు తెలుగు ముసుగు వేస్తుంది, అంతే. కన్వర్టర్‌కి ముసుగేదో, అసలేదో తెలియదు. మాష్టారు పేరు పక్కన ఇంగ్లీషులో ఉన్న డిగ్రీలు తెలుగులోకి మారి అర్థంలేని అక్షరాల గుంపయ్యాయి. ఆ కన్వర్టర్ కొన్నిచోట్ల క్రావడి, అదే ర వత్తు, కూడా మింగేసింది. ‘ప్రసాద్’ ‘పసాద్’ అయ్యాడు. అంకితం పేజీలో, చనిపోయిన తన భార్య పేరు ముందు ‘శీమతి’ అని పడింది.

త్యాగరాయ గానసభలో ఆవిష్కరణ. వేదిక మీద పుస్తకం తెరిచి ఆ పేజీ దగ్గరే ఆగిపోయారాయన. పల్లెత్తు మాట అనలేదు. జేబులోంచి పెన్ను తీసి తన కాపీలో క్రావడి పెట్టుకున్నారు. మిగిలిన కాపీలన్నిటికీ తప్పొప్పుల పట్టిక కొట్టించి, నేనూ బైండింగ్ కుర్రాడూ కూర్చుని జిగురుతో అతికించాం. ఓనరు ఆ పట్టికకు కూడా బిల్లు వేశాడు!

అందుకని కన్వర్ట్ చేసిన మేటరు ఏదైనా సరే, కొత్తగా కొట్టిన మేటరే అనుకో. మొదటి అక్షరం నుంచి ప్రూఫు చదివించు, కస్టమర్ చేత మళ్లీ సంతకం పెట్టించుకో. ఇంగ్లీషు ముక్కల్ని ముందే పక్కకు తీసి, తర్వాత చేత్తో పెట్టు. మనుషుల పేర్లు మాత్రం నువ్వే చదువు, ఆపరేటర్ అమ్మాయికి వదలొద్దు. ఆ అమ్మాయి మీద అరవకు కూడా. అన్నట్టు ఆమెకు తెలుగు కొట్టే లేఅవుట్లలో యాపిల్ కీబోర్డే అలవాటు కదా, అదే లేఅవుట్‌తో యూనికోడ్ కొట్టే వీలుంది. వేళ్ల అలవాటు మార్చమని ఆమె ప్రాణం తీయకు.

పేజ్‌మేకర్ ఉన్న ఆ పాత విండోస్ ఎక్స్‌పీ మెషీన్‌ను పాత సామాన్లవాడికి ఇచ్చేశావంటే ఊరుకోను. ఇన్‌డిజైన్‌లో పేజ్‌మేకర్ ఫైళ్లు తెరుచుకున్నది సీఎస్6 వెర్షన్ వరకే. 2013లో వచ్చిన సీసీ దగ్గర్నుంచి తెరుచుకోవు. మళ్లీ ముద్రణకు వచ్చే పుస్తకాలకు ఆ డబ్బానే దిక్కు. ప్రతి పాత పుస్తకానికీ దాంట్లోంచే ఒక పీడీఎఫ్ తీసి రెండు డిస్కుల్లో దాచు. కన్వర్ట్ చేసిన పేజీ పక్కన పెట్టి చూసుకోవడానికి అదే ఆధారం.

కొత్తదాంట్లో కట్టే మొదటి పుస్తకం ప్రూఫు నాకు పంపు. ప్రింటు తీసి మీ నాన్న చేత పంపు, ఫోన్‌లో చదవడం నా కళ్లవల్ల కాదు. ఎర్ర పెన్ను నా దగ్గర ఉంది. భోజనం వేళకు చెయ్యి, రాత్రంతా సిస్టం ముందు కూర్చోకు.

మీ అత్త