బ్రిటన్ రాకెట్లు: ఖర్చయిందెంత, మిగిలిందేమిటి?

ప్రశ్న: బ్రిటన్ సొంత రాకెట్ మీద పెట్టిన ఖర్చు ఒకచోట 90 లక్షల పౌండ్లని, మరోచోట 30 కోట్ల పౌండ్లని చదివాను. ఏది సరైనది?

జవాబు: రెండూ సరైనవే, కాకపోతే అవి రెండు వేర్వేరు రాకెట్ల లెక్కలు. వాటిని కలిపేసి మాట్లాడటం వల్లే ఈ చరిత్ర చాలామందికి తలకిందులుగా అర్థమైంది.

30 కోట్లు బ్లూ స్ట్రీక్‌ది. అణ్వస్త్రాన్ని మోసుకెళ్లడానికి తలపెట్టిన క్షిపణి అది. 1955లో 5 కోట్ల పౌండ్లతో పూర్తవుతుందనుకున్నారు. 1959 చివరికి అంచనా 30 కోట్లకు ఎక్కింది. అది పూర్తి చేయడానికి అయ్యే మొత్తం మీద అంచనాయే, అంతా ఖర్చయిపోలేదు. 1960 ఏప్రిల్‌లో ఆయుధంగా దాన్ని రద్దు చేశారు. డబ్బు ఒక కారణమైతే, రెండో కారణం ఇంధనాన్ని మండించడానికి రాకెట్ తనతోపాటే మోసుకెళ్లే ద్రవ ఆక్సిజన్. మైనస్ 183 డిగ్రీల దగ్గర మరిగిపోయే ఆ ద్రవాన్ని ట్యాంకులో నింపి నెలల తరబడి ఉంచలేరు, ప్రయోగించే ముందే నింపాలి. కదలని స్థావరంలో నిలబడి ఇంధనం నింపుకునే క్షిపణి మీద శత్రువు ముందే దెబ్బ తీస్తే అది లేవనే లేవదు.

90 లక్షలు బ్లాక్ యారోది. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టడానికే కట్టిన చిన్న రాకెట్ ఇది: ఎత్తు 13 మీటర్లు, బరువు సుమారు 18 టన్నులు. ఇంత చవకగా రావడానికి కారణం ఉంది. దీని గామా ఇంజన్లు అంతకుముందు బ్లాక్ నైట్ అనే పరిశోధన రాకెట్‌లో పనిచేసినవే. 1958 నుంచి 1965 వరకు బ్లాక్ నైట్ 22 సార్లు ఎగిరింది. అవే ఇంజన్లను పెంచి, జతలు కట్టి మొదటి దశలో ఎనిమిది దహన గదులు, రెండో దశలో రెండు పెట్టారు. మూడో దశకు మాత్రం వాక్స్‌వింగ్ అనే ఘన ఇంధన మోటారును కొత్తగా తయారుచేశారు.

ప్రశ్న: అందరూ ద్రవ ఆక్సిజన్ వాడుతుంటే బ్లాక్ యారోలో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఎందుకు వాడారు? అది ప్రమాదం కాదా?

జవాబు: ప్రమాదమే, కానీ పద్ధతి తెలిసినవాళ్ల చేతిలో లొంగి ఉండే ప్రమాదం. మందుల షాపులో దొరికే పెరాక్సైడ్‌లో అసలు పదార్థం 3 శాతమో 6 శాతమో ఉంటుంది. ఇందులో సుమారు 85 శాతం, మిగతాది నీళ్లు.

ఇంజన్‌లో జరిగేది ఇది. పెరాక్సైడ్‌ను వెండి పూత పూసిన సన్నని జాలీల దొంతర గుండా పంపుతారు. వెండి తగలగానే అది నీటి ఆవిరిగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది. ఆ వాయువుల వేడి 600 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. అందులోకి కిరోసిన్ చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. నిప్పు రాజేసే పరికరమే అక్కర్లేదు. ఇంజన్ మొరాయించడానికి దారితీసే ఒక పెద్ద కారణం అలా తొలగిపోతుంది. పంపుల టర్బైన్ తిప్పడానికి కూడా పెరాక్సైడ్ ఆవిరే సరిపోతుంది. ఒక కిలో కిరోసిన్‌కు దాదాపు ఎనిమిది కిలోల పెరాక్సైడ్ పోతుంది. కానీ అది నీళ్లకంటే బాగా సాంద్రత ఎక్కువున్న ద్రవం కనుక ట్యాంకు చిన్నదిగా ఉంటుంది, చల్లదనం పోకుండా కాపాడే పొరలేవీ అక్కర్లేదు. మంట దాదాపు కంటికి కనిపించనంత స్వచ్ఛంగా ఉంటుంది.

నష్టం కూడా ఉంది. ద్రవ ఆక్సిజన్, కిరోసిన్ కలయికతో పోలిస్తే కిలో ఇంధనానికి రాకెట్‌ను నెట్టే బలం తక్కువ. అందుకే 18 టన్నుల రాకెట్ తక్కువ ఎత్తు కక్ష్యకు చేర్చగలిగింది సుమారు 135 కిలోలే.

ఇక ప్రమాదం ఎక్కడొస్తుందంటే మురికి దగ్గర. తుప్పు, గ్రీజు, తోలు, నూలు, రాగి, ఏది తగిలినా పెరాక్సైడ్ విడిపోవడం మొదలవుతుంది. విడిపోతే వేడి పుడుతుంది, వేడెక్కితే ఇంకా వేగంగా విడిపోతుంది. మూసిన గొట్టంలో గానీ ఇది జరిగితే పేలుడు తప్పదు. కాబట్టి ట్యాంకులు స్వచ్ఛమైన అల్యూమినియంతోనో తగిన స్టెయిన్‌లెస్ స్టీలుతోనో చేసి, లోపలి గోడలను ఆమ్లంతో శుద్ధి చేస్తారు. ఆవిరి బయటికి పోయే దారిని ఎప్పుడూ మూయరు. ట్యాంకు ఉష్ణోగ్రతను గమనిస్తూనే ఉంటారు, కారణం లేకుండా పెరిగితే సరుకును వదిలేసి నీళ్లతో పలచబరుస్తారు. పనివాళ్లు ప్లాస్టిక్ దుస్తులు వేసుకుంటారు, పక్కనే నీటి తొట్టి ఉంటుంది. ఈ జాగ్రత్తలు ఊరికే రాలేదు. 1955 జూన్‌లో పోర్ట్‌లాండ్ రేవులో సైడన్ అనే బ్రిటిష్ జలాంతర్గామిలో పెరాక్సైడ్‌తో నడిచే టార్పెడో పేలి 13 మంది చనిపోయారు.

ప్రశ్న: ప్రయోగాలు విఫలం కావడం వల్లే బ్లాక్ యారోను ఆపేశారా?

జవాబు: కాదు. నాలుగు ప్రయోగాలనూ చూస్తే ఆ మాట నిలవదు. అన్నీ ఆస్ట్రేలియాలోని వూమెరా నుంచే జరిగాయి.

1969 జూన్ 28న మొదటిది. మొదటి దశలో ఒక జత దహన గదులు అటూ ఇటూ ఊగిపోయాయి, విద్యుత్ తీగ తెగడం వల్ల. రాకెట్ అదుపు తప్పితే నేల మీదినుంచి సంకేతం పంపి పేల్చేశారు. 1970 మార్చి 4న రెండోది అనుకున్నట్టే సాగింది. అది కక్ష్యకు వెళ్లేది కాదు, పరీక్ష మాత్రమే. 1970 సెప్టెంబర్ 2న మూడోది: రెండో దశ పెరాక్సైడ్ ట్యాంకులో ఒత్తిడి నిలిపే నైట్రోజన్ కారిపోయి ఇంజన్ 13 సెకన్లు ముందే ఆగింది. ఆ 13 సెకన్లతో ఉపగ్రహం పోయింది. ఒక తీగ, ఒక లీకు: రెండూ సరిచేసుకోగలిగినవే. రాకెట్ నమూనాలో దోషం లేదు.

1971 జూలై 29న మంత్రి ఫ్రెడరిక్ కార్ఫీల్డ్ పార్లమెంటులో రద్దు ప్రకటించారు. నాలుగో రాకెట్ అప్పటికే సిద్ధంగా ఉండటంతో దాన్ని ఎగరనిచ్చారు. అక్టోబర్ 28న అది 66 కిలోల ప్రాస్పెరో అనే ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. అలా సొంత రాకెట్‌తో ఉపగ్రహం పంపిన ఆరో దేశం బ్రిటన్. ఆ సామర్థ్యం సంపాదించి, తానే వదులుకున్న దేశం కూడా అదొక్కటే.

ప్రభుత్వం చెప్పిన కారణం అమెరికా స్కౌట్ రాకెట్ చవక అని. లెక్కగా అది నిజమే. మన దృష్టిలో ఆ లెక్కను అలా తయారుచేసింది ప్రయోగాల సంఖ్యే. ఇంజనీర్ల జీతాలు, పరీక్షా స్థలం, వూమెరా ఏర్పాట్లు ఏడాదికి ఒకటి ఎగిరినా ఆరు ఎగిరినా ఇంచుమించు అంతే. 90 లక్షలను నాలుగు ప్రయోగాలకు పంచితే ఒక్కోదానికి ఇరవై రెండున్నర లక్షలు పడుతుంది, పన్నెండు ఎగిరితే ఆ భారం బాగా పలచబడేది. ఎగరనివ్వకుండా ఉంచి, ఎగరడం ఖరీదని అనడం న్యాయం కాదు. తర్వాతి బ్రిటిష్ ఉపగ్రహం మిరాండా 1974 మార్చిలో స్కౌట్ మీదే వెళ్లింది.

ప్రశ్న: రద్దయిన బ్లూ స్ట్రీక్ ఏమైంది?

జవాబు: యూరప్ దేశాలు కలిసి కట్టిన యూరోపా రాకెట్‌కు మొదటి దశ అయింది. రెండో దశ ఫ్రాన్స్‌ది, మూడోది జర్మనీది. ఖర్చులో బ్రిటన్ వంతు మొదట 38.79 శాతం, 1966 తర్వాత 27.

దాని ట్యాంకు గోడ అర మిల్లీమీటరు స్టీలు. లోపల వాయువు ఒత్తిడి లేకపోతే తన బరువుకు తానే నలిగిపోతుంది, కనుక కార్ఖానా నుంచి ప్రయోగ వేదిక దాకా ఒత్తిడితోనే తరలించాలి. అలాంటి ట్యాంకులో సుమారు 60 టన్నుల ద్రవ ఆక్సిజన్, 26 టన్నుల కిరోసిన్ పట్టేవి. 1964 జూన్ 5న మొదటిసారి ఎగిరినప్పుడు ఖాళీ అవుతున్న ట్యాంకులో ఇంధనం అలల్లా కదిలి చివరి సెకన్లలో రాకెట్‌ను తిప్పేసింది. ఆ తర్వాత ఆ దశ తన వంతు పని చేస్తూనే వచ్చింది. పై దశలు అంటుకోకపోవడం, విడిపోకపోవడం, ముక్కు కవచం ఊడకపోవడం యూరోపాను దెబ్బతీశాయి. ఒక్క ఉపగ్రహమూ కక్ష్యకు చేరలేదు. ఫ్రాన్స్ ఆ పాఠాలను అందిపుచ్చుకుని నాయకత్వం వహించిన అరియాన్ రాకెట్ 1979 డిసెంబర్ 24న ఎగిరింది. అందులో బ్రిటన్ వంతు నామమాత్రం. నా లెక్కలో రద్దుకన్నా పెద్ద నష్టం ఇదే.

ప్రశ్న: ఇప్పుడు చూడటానికి ఏమైనా మిగిలాయా?

జవాబు: ఎగరకుండా మిగిలిన ఐదో బ్లాక్ యారో లండన్ సైన్స్ మ్యూజియంలో ఉంది. ఇంజన్లను పరీక్షించిన హై డౌన్ స్థలం వైట్ ద్వీపం అంచున నీడిల్స్ దగ్గర ఉంది, కాంక్రీటు కట్టడాలు నిలిచే ఉన్నాయి. ప్రాస్పెరో ఇంకా తిరుగుతోంది, 2070 ప్రాంతంలో కిందికి దిగుతుందని అంచనా. కక్ష్యలోకి చేరిన వెంటనే వెనకనుంచి మూడో దశ వచ్చి తగిలి దాని యాంటెన్నా ఒకటి విరిగినా, 1973 దాకా పనిచేసింది. దాన్ని మోసిన రాకెట్ మొదటి దశ దశాబ్దాలపాటు ఆస్ట్రేలియా ఎడారిలో పడి ఉంది, 2019లో స్కైరోరా సంస్థ దాన్ని బ్రిటన్ తెచ్చి ప్రదర్శించింది. ఆ సంస్థ ఇప్పుడు తయారుచేస్తున్న ఇంజన్లలో వాడేదీ పెరాక్సైడ్, కిరోసిన్‌లే.