ఆ నవ్వు ఆయనకూ కావాలి

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని సిరోంచా. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ చదువు. నాకు 36 ఏళ్లు. చిన్నప్పటి నుంచి మాయలు, మంత్రాలు, గ్రహాంతర యానాల కథలంటే ప్రాణం. చంద్రపూర్‌లో ఒకరు, మంచిర్యాలలో ఒకరు నాలాంటి పాఠకురాళ్లే దొరికారు. ఆదివారం మధ్యాహ్నం ఒక గంట, ఆ వారం చదివినవి ఫోనులో చెప్పుకుంటాం. మొన్న మావారు ఎరువుల దుకాణం మూసి త్వరగా వచ్చారు. నేను నవ్వుతూ మాట్లాడటం విని, ‘ఈ ఇంట్లో ఇంత నవ్వు నేనెప్పుడూ వినలేదు’ అన్నారు. తర్వాత, ‘వయసుకు తగ్గ పుస్తకాలు చదువు’ అన్నారు. అత్తమ్మ కూడా ‘దయ్యాల కథలు’ అంటుంది. ఇప్పుడు మేడ మీదికి వెళ్లి మాట్లాడుతున్నాను. పుస్తకం బియ్యం డబ్బాలో దాచాను. మానేయమంటారా?

జవాబు: మానేయకండి. వారమంతా ఇంటికి చేసి, ఒక గంట మనసుకు నచ్చినవాళ్లతో మాట్లాడుకోవడం తప్పెలా అవుతుంది?

మీ ఉత్తరంలో నన్ను ఆపేసింది ఆయన అన్న మొదటి మాట. రెండో మాటకు మీరు నొచ్చుకున్నారు, అది సహజం. కానీ మొదటిది చిన్నచూపుతో వచ్చిన మాట కాదు. రోజంతా బస్తాల మధ్య గడిపి గుమ్మంలోకి వచ్చిన మనిషికి, తాను ఎరగని మీ నవ్వు ఎవరి కోసమో వినిపించింది. ఆయనకు గుచ్చుకున్నది పుస్తకం కాదు, ఆ నవ్వులో తన చోటు కనిపించకపోవడం. మీరు మేడ ఎక్కడంతో ఆ నవ్వు ఇంకాస్త దూరమైంది. ‘ఆ రోజు మీరన్న మాట గురించే ఆలోచిస్తున్నాను’ అని మీరే కదపండి. పుస్తకాల మంచిచెడ్డల వాదన ఆ పూట వద్దు.

వయసు సంగతికి వస్తే, మీరు చదువుకున్న మరాఠీలోనే దీనికి జవాబుంది. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లీకర్ 1974లో మరాఠీ విజ్ఞాన పరిషత్ కథల పోటీకి ఒక సైన్స్ కథ పంపారు. అప్పటికి ఆయనకు దాదాపు మీ వయసే. పేరు చూసి బహుమతి ఇవ్వకూడదని మారుపేరుతో పంపారు, మొదటి బహుమతి వచ్చింది. ఆయన పేరు దాచింది కథకు న్యాయం జరగాలని. మీరు పుస్తకం దాచింది భయంతో. ఈ తేడా నాకు బాధ కలిగించింది.

మీవారి చేతిలో నాలుగు వందల పేజీల నవల పెట్టకండి. నోటితో చెప్పండి. మీ ఊరి నేలే అందుకు సాయం చేస్తుంది. సిరోంచా పరిసరాల రాళ్లలో దొరికిన ఎముకలతోనే ‘బారాపాసారస్’ అనే జురాసిక్ కాలపు రాక్షసబల్లిని గుర్తించి, 1975లో ఆ పేరు పెట్టారు. పేరుకు అర్థం పెద్దకాళ్ల బల్లి. దాని అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో నిలబెట్టి ఉంది. ఒక సెలవురోజు ఇద్దరూ బండి మీద వడధం శిలాజాల పార్కుకు వెళ్లండి. రాయిగా మారిన చెట్టు మొద్దు మీద ఆయన చెయ్యి వేసినప్పుడు, కాలంలో వెనక్కి ప్రయాణించే కథ ఒకటి మొదలుపెట్టండి. మధ్యలో ఆపేయండి. ‘తర్వాత?’ అని ఆయన అడిగితే మిగిలింది రాత్రి భోజనాల దగ్గర చెప్పవచ్చు. అడగకపోతే నొచ్చుకోకండి, అందరికీ అన్నీ రుచించవు. మీ ఇష్టం ఏమిటో ఆయనకు తెలిస్తే అదే చాలు.

అత్తమ్మ దగ్గర మాత్రం మీరు చెప్పకండి, ఆమెను అడగండి. ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం దాచుకున్న మాయల ఫకీరు కథ వినకుండా ఆ తరం పెరిగి ఉండదు. ఆమె చెబుతుంటే మీ స్నేహితురాళ్లకు కూడా వినిపించవచ్చు.

ఇంత చేసినా ఆయన ఫోను లాక్కోవడం, స్నేహితులతో మాటలు మాన్పించడం మొదలుపెడితే అది వేరే సమస్య. అప్పుడు ఆలస్యం చేయకుండా మళ్లీ రాయండి.

ఈ ఆదివారం ఫోను మేడ మీద కాదు, నడింట్లో కూర్చుని మాట్లాడండి. బియ్యం డబ్బాలోని పుస్తకాన్ని మాత్రం ఈ రోజే తీసి, మీ తలగడ పక్కన పెట్టుకోండి.