బీఈడీ చేస్తున్నాను, పాఠాల గేమ్స్ తయారు చేయాలనుంది... డీఎస్సీ వదిలేయాలా?

ప్రశ్న: హనుమకొండలో బీఈడీ మ్యాథ్స్ రెండో ఏడాది చదువుతున్నాను. టీచింగ్ ప్రాక్టీసుకు వెళ్లిన హైస్కూల్లో ఏడో తరగతికి పూర్ణసంఖ్యలు చెప్పాల్సి వచ్చింది. స్క్రాచ్ అనే పిల్లల ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్‌లో చిన్న గేమ్ చేసి ప్రొజెక్టర్ మీద ఆడించాను. లెక్క సరిగ్గా చెబితే కప్ప ఒక తామరాకు మీది నుంచి ఇంకో దాని మీదికి గెంతుతుంది. పిల్లలు గోలగోలగా ఆడారు. అప్పటి నుంచి ఇలాంటి గేమ్స్ తయారు చేసే ఉద్యోగంలోకే వెళ్లాలనిపిస్తోంది. ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ఏడాది కోర్సుకు మూడు లక్షలు అడుగుతున్నారు, ప్లేస్‌మెంట్ గ్యారంటీ అంటున్నారు. నాన్నేమో "గేమ్స్‌ని గవర్నమెంటే బ్యాన్ చేసింది, నోరు మూసుకుని డీఎస్సీకి చదువు" అంటున్నారు. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: ముందు డబ్బు సంగతి. ఆ మూడు లక్షలు కట్టకండి. వాళ్లు నేర్పే సాఫ్ట్‌వేర్లలో మీకు ఇప్పుడు కావలసినవి ఉచితంగానే దొరుకుతాయి. స్క్రాచ్ మీకు వచ్చు. దాని తర్వాతి మెట్టుగా గోడో (Godot) అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ ఉంది, అది పూర్తిగా ఉచితం. గ్యారంటీ అన్నారు కదా, దాన్ని కాగితం మీద రాసిమ్మని అడగండి. పోయినేడాది బ్యాచ్‌లో నలుగురి ఫోన్ నంబర్లు కూడా ఇమ్మనండి. నా దగ్గరికి వచ్చే పిల్లలు చాలామంది ఈ రెండు ప్రశ్నలు ఫీజు కట్టిన తర్వాత అడుగుతుంటారు.

మీ నాన్నగారు చెప్పిన బ్యాన్ నిజమే, కానీ అది మీ గేమ్స్ గురించి కాదు. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన చట్టం ఆపింది డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని. ఆన్‌లైన్ రమ్మీ లాంటివాటి మీద తెలంగాణలో 2017లోనే, ఆంధ్రప్రదేశ్‌లో 2020లోనే నిషేధం వచ్చింది. చదువుకు, నైపుణ్యానికి పనికొచ్చే ఆటల్ని ప్రోత్సహించాలని ఆ 2025 చట్టంలోనే ఉంది. ఇది నాన్నగారికి చదివి వినిపించండి. ఇంట్లో సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇప్పుడు కప్ప దగ్గరికి వద్దాం. మీకు కొంచెం కష్టంగా ఉండొచ్చు గానీ చెప్పాలి. ఆ ఆటలో కప్ప గెంతడానికీ పూర్ణసంఖ్యలకీ ఏ సంబంధమూ లేదు. కప్పను అలాగే ఉంచి లెక్కల బదులు రాజధానుల పేర్లు అడిగినా ఆట నడుస్తుంది. అంటే అది స్లిప్ టెస్టే, పైన పంచదార పూత ఉందంతే. పిల్లలు గోల చేశారంటే క్లాసులో మార్పు వచ్చిందని సంతోషించారు. −3 పెద్దదా −7 పెద్దదా అన్న చిక్కు విడిపోయిందని దానర్థం కాదు. మార్కెట్లో విద్యా గేమ్స్ పేరుతో అమ్ముతున్నవాటిలో ఎక్కువ భాగం ఈ కప్ప బాపతే, కాబట్టి మీరొక్కరే చేసిన తప్పు కాదిది.

మన పాత ఆటలతో చూస్తే తేడా తెలుస్తుంది. వైకుంఠపాళి పటం నిండా పాపపుణ్యాల పాఠమే. కానీ ఆడేవాడు చేసేదేమీ ఉండదు. పందెం ఎంత పడితే అంత, పాము మింగితే దిగడం, నిచ్చెన వస్తే ఎక్కడం. పాఠం బొమ్మలో ఉంది, ఆటలో లేదు. అష్టాచెమ్మా పటం మీద ఒక్క నీతివాక్యం ఉండదు. అయినా నాలుగు పడగానే ఏ కాయ జరపాలి, దేన్ని గడిలో దాచాలి, ఎవరిని చంపాలి అని చిన్నపిల్లలు కూడా లెక్కలు వేసేస్తారు. మీ పాఠం పిల్లవాడు తీసుకునే నిర్ణయంలో ఉండాలి.

ఈ రంగంలో అందరూ ముందుగా చెప్పుకునే ఆట ఎలా పుట్టిందో మీరు తెలుసుకోవాలి. అది మీ కథలాగే ఉంటుంది. 1971లో అమెరికాలోని మిన్నియాపొలిస్‌లో డాన్ రావిచ్ అనే కుర్రాడు అచ్చం మీలా టీచింగ్ ప్రాక్టీసులో ఉన్నాడు. ఎనిమిదో తరగతికి చరిత్ర చెప్పాలి. 19వ శతాబ్దంలో జనం ఎద్దుల బండ్లు కట్టుకుని సుమారు రెండు వేల మైళ్లు ప్రయాణించి పడమటి ప్రాంతాలకు వలసపోయిన పాఠం. అతను మొదట కంప్యూటర్ జోలికే వెళ్లలేదు. మ్యాపు, కార్డులు, పాచికలతో ఒక ఆట తయారు చేసుకుంటున్నాడు. అతనితో గదిలో ఉండే బిల్ హైనెమన్, పాల్ డిల్లెన్‌బర్గర్ మ్యాథ్స్ టీచర్లుగా శిక్షణలో ఉన్నారు, వాళ్లకు ప్రోగ్రామింగ్ వచ్చు. "ఇది కంప్యూటర్ మీద చేద్దాం" అన్నారు. రెండు వారాల్లో తయారైంది. డిసెంబరు 3న క్లాసులో ఆడించారు. తెర కూడా లేదు. టెలిటైప్ యంత్రం ఒక్కో వాక్యాన్ని కాగితం మీద కొట్టేది, పిల్లలు జవాబు టైపు చేసేవాళ్లు. ఉన్న డబ్బులో ఎడ్లకు ఎంత, తిండికి ఎంత, బట్టలకు ఎంత అని వాళ్లే తేల్చుకోవాలి. లెక్క తప్పితే దారిలో ఆకలితోనో రోగంతోనో పోతారు. అదే ది ఆరిగాన్ ట్రైల్.

తర్వాత జరిగింది నాకు ఇంకా ఇష్టం. 1974లో రావిచ్ మిన్నెసోటాలో బడులకు కంప్యూటర్ పాఠాలు అందించే సంస్థలో చేరి, దాచుకున్న కాగితం ప్రింటు చూసి ప్రోగ్రామంతా మళ్లీ టైపు చేశాడు. అప్పుడు ఆ బాటలో నడిచినవాళ్ల డైరీలు చదివి, వానలు, రోగాలు, ప్రమాదాలు ఏ దశలో ఎంత తరచుగా వచ్చేవో చూసి ఆటలో సంఖ్యలు దిద్దాడు. ఇది టీచరు చేసే పని, కోడింగ్ తెలిస్తే సరిపోదు. అలాగని ఆ ఆట తప్పులు లేనిదేం కాదు. అక్కడి ఆదివాసుల్ని చూపించిన తీరు మీద విమర్శలు వచ్చాయి. 2021లో వచ్చిన కొత్త రూపానికి చరిత్రకారుల్ని పిలిచి సరిచేసుకున్నారు.

మీకున్న బలం కూడా అక్కడే ఉంది. కోడ్ రాసేవాళ్లు హైదరాబాద్‌లో వీధికి పదిమంది దొరుకుతారు. ఏడో తరగతి పిల్లవాడు రుణ సంఖ్యను తీసివేయమంటే ఎందుకు ఆగిపోతాడో చూసినవాళ్లు దొరకరు. అందుకే బీఈడీ మధ్యలో వదలకండి. టెట్ రాయండి. డీఎస్సీ నోటిఫికేషన్ వస్తే అదీ రాయండి, ఇది నాన్నగారి కోసం చెప్పడం లేదు. రెండు మూడేళ్లు నిజమైన క్లాసులో ఉన్న మనిషి తయారు చేసే ఆటకూ, ఏసీ గదిలో కూర్చుని ఊహించిన ఆటకూ తేడా మొదటి పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఉద్యోగాల విషయంలో మిమ్మల్ని ఊరించను. కరోనా రోజుల్లో ఎడ్‌టెక్ కంపెనీలు, అంటే ఆన్‌లైన్ చదువులు అమ్మేవి, ఎడాపెడా మనుషుల్ని తీసుకున్నాయి, తర్వాత అంతే వేగంగా పంపేశాయి. "విద్యా గేమ్ డిజైనర్" అని బోర్డు పెట్టి పిలిచేవాళ్లు తక్కువ. మీలాంటివాళ్లు లోపలికి వెళ్లే తలుపు మీద ఎక్కువగా ఇన్‌స్ట్రక్షనల్ డిజైనర్ (పాఠాన్ని ఎలా నేర్పాలో రూపొందించేవారు) అనో, మ్యాథ్స్ కంటెంట్ డెవలపర్ అనో రాసి ఉంటుంది. అక్కడ డిగ్రీ కంటే ముందు "ఏం చేశారో చూపించండి" అంటారు.

డిజైన్ పద్ధతిగా చదవాలనిపిస్తే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ (CEED) అనే డిజైన్ ప్రవేశ పరీక్ష రాయండి. ఇంటర్ తర్వాత మూడేళ్ల డిగ్రీ ఉంటే చాలు, ఏ గ్రూపైనా పర్వాలేదు. ఆ స్కోరుతో ఐఐటీ హైదరాబాద్‌తో పాటు మరికొన్ని చోట్ల ఎండెస్‌కు, అంటే డిజైన్‌లో పీజీకి, వెళ్లొచ్చు. ఎన్‌ఐడీలో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్) డిజిటల్ గేమ్ డిజైన్‌లోనే ఎండెస్ ఉంది, దానికి వేరే పరీక్ష, అర్హతలు వాళ్ల నోటిఫికేషన్‌లో చూసుకోండి. పరిశోధన మీద మనసు పోతే ఐఐటీ బాంబేలో ఎడ్యుకేషనల్ టెక్నాలజీలో పీహెచ్‌డీ చేయొచ్చు. ఇవన్నీ ఈ ఏడాదే తేల్చాల్సినవి కావు.

ఈ ఏడాది చేయాల్సిన పని ఒకటుంది, దానికి కంప్యూటరే అక్కర్లేదు. బీఈడీలో టీఎల్‌ఎంల (బోధనోపకరణాల) కోసం పాత పెళ్లిపత్రికలు దాచే ఉంటారు కదా, వాటిని కార్డులుగా కత్తిరించండి. కొన్నిటి మీద +1 నుంచి +6, కొన్నిటి మీద −1 నుంచి −6 రాయండి. ఒక్కొక్కరికి ఐదు కార్డులు. చేతిలో ఉన్నవన్నీ కలిపితే వచ్చేదే వాళ్ల స్కోరు. వంతు వచ్చినప్పుడు ఎవరి చేతిలోంచైనా, తమ చేతిలోంచైనా సరే, ఒక కార్డు తీసి పక్కన పడేయాలి. కార్డులన్నీ అందరికీ కనబడేలా పరచాలి. మొదట్లో పిల్లలు ఎదుటివాడి పెద్ద +6 మీద పడతారు. కాసేపటికి ఒకడు తన −5 తీసేసుకుని స్కోరు ఐదు పెరిగిందని అరుస్తాడు. రుణ సంఖ్యను తీసివేస్తే పెరుగుతుందని మీరు బోర్డు మీద ఎన్నిసార్లు రాసినా ఎక్కని ముక్క అదే.

ఆడించే ముందు రోజు ఒక ఐదు లెక్కల చిట్టీ ఇవ్వండి, వారం తర్వాత అలాంటివే మరో ఐదు ఇవ్వండి. ఎవరు ఎక్కడ ఆగారు, ఏ నియమం అర్థం కాక గొడవపడ్డారు, మీరేం మార్చారు, అన్నీ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి. నాలుగైదు సార్లు దిద్దాక అప్పుడు స్క్రాచ్‌లో పెట్టండి. ఆ గేమూ, ఆ నోట్‌బుక్కూ కలిపి ఇంటర్వ్యూకి పట్టుకెళ్లండి. హెచ్‌ఎంగారు క్లాసులో ఆటలేమిటని అడిగితే రెండు చిట్టీల మార్కులు పక్కపక్కన పెట్టి చూపించండి. రెండో చిట్టీలో మార్కులు పెరగకపోతే ఆ సంగతి కూడా రాసుకోండి, నియమం ఇంకోటి మార్చి పక్క సెక్షన్‌లో ఆడించండి.