ముందు మట్టి, తరువాతే యంత్రం

చిరంజీవికి ఆశీస్సులు.

పొలంలో డ్రిప్పు, మట్టి తేమ చూపే సెన్సర్లు, డ్రోను, సౌరపంపు అన్నీ ఈ ఏడాదే పెట్టేస్తానని రాశావు. నీ ఉత్సాహం మీద నీళ్లు చల్లను. కానీ ఆ జాబితాలో భూసార పరీక్ష ఎక్కడా కనిపించలేదు. వాటన్నిటికంటే చవకైనదీ, ముందు చేయవలసినదీ అదే.

మట్టి తీసే పని ఎవరికో అప్పగించకు. గట్ల పక్కన, చెట్ల నీడన, ఎరువు కుప్ప పోసిన చోట తీసిన మట్టి నీ పొలం సంగతి చెప్పదు. చేను అంతటా వంకరటింకరగా నడుస్తూ ఎనిమిది పది చోట్ల పైచెత్త నెట్టేసి, 15 సెంటీమీటర్ల లోతున 'వి' ఆకారంలో గుంట తవ్వు. గుంట పక్కగోడ నుంచి పైనించి అడుగుదాకా ఒకే మందాన మట్టి చెక్కు. అంతా గోతంపట్టా మీద కలిపి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు తీసెయ్యి. అరకిలో మిగిలేవరకు అలాగే చేసి, నీడన ఆరబెట్టి పరీక్షకు పంపు. బోరు నీళ్లు కూడా ఒక సీసాలో పట్టి పంపు.

నీళ్లెందుకంటావా? డ్రిప్పు కోసం. మొక్క మొదట్లో చుక్కచుక్కగా నీరు వదిలే డ్రిప్పరులో నీరు నడిచే దారి చాలా సన్నం. ఇసుకనూ నాచునూ ఫిల్టరు ఆపుతుంది కానీ నీటిలో కరిగి ఉన్న సున్నాన్ని ఆపలేదు. అది తెల్లగా పేరుకుంటుంది, దాన్ని ఆమ్లంతోనే కడగాలి. ఆమ్లాన్ని నీళ్లలో పోయాలి, ఆమ్లంలో నీళ్లు పోయకూడదు. ఇది మాత్రం గట్టిగా గుర్తుపెట్టుకో.

అమ్మేవాళ్లు పైపుల గురించి గంటసేపు చెబుతారు, ఫిల్టరు మాట ఎత్తరు. దానికి ముందొకటి, తరువాత ఒకటి నీటి ఒత్తిడి చూపే ప్రెషర్ గేజ్ పెట్టించమని నువ్వే అడుగు. రెండింటి మధ్య ఒత్తిడి తేడా చదరపు సెంటీమీటరుకు అర కేజీ దాటిందంటే ఫిల్టరు కడగవలసిన సమయం వచ్చినట్టే. అప్పుడప్పుడు లైను మొదట్లో, నడుమ, చివర డ్రిప్పర్ల కింద డబ్బాలు పెట్టి చూడు. గంటకు 4 లీటర్లు వదిలే డ్రిప్పరు 15 నిమిషాల్లో లీటరు ఇవ్వాలి. చివరి డబ్బాలో ముప్పావు లీటరే ఉంటే, ఆ చివరి మొక్కలు ఎందుకు గిడసబారాయో వేరే ఎవరినీ అడగక్కర్లేదు. ఇక డ్రిప్పులో ఎరువులు పంపేటప్పుడు కాల్షియం నైట్రేట్‌ను భాస్వరం, సల్ఫేట్ ఎరువులతో ఒకే తొట్టిలో కలపకు. అడుగున గడ్డకట్టి పైపులు పూడుకుపోతాయి.

సౌరపంపు మంచిదే. కాకపోతే కరెంటు బిల్లు రాదు కదా అని ఎండ ఉన్నంతసేపూ నడిపితే, ఖాళీ అయ్యేది నీ బోరూ పక్కవాడి బోరూ. పైరుకు ఎంత కావాలో అంతే తోడు. సెన్సర్లు వచ్చే ఏడు చూద్దాం. ఈలోగా వేళ్ల లోతున మట్టి తీసి పిడికిట్లో నొక్కి, తేమ చూడడం అలవాటు చేసుకో.

డ్రోను కొనవద్దు. నీకున్న కమతానికి అది ఏడాదిలో ఎన్ని రోజులు ఎగురుతుందో లెక్క వేసుకో. అవసరమైనప్పుడు అద్దెకు పిలువు. అడ్వాన్సు ఇచ్చేశావేమో అని నాకు అనుమానంగా ఉంది. ఇచ్చి ఉంటే వెనక్కి అడుగు.

మట్టి, నీటి ఫలితాలు రాగానే రెండు కాగితాలూ నాకు పంపు. డ్రిప్పర్లు ఎంతెంత దూరంలో వేయాలో, ఏ ఫిల్టరు కావాలో అప్పుడు మాట్లాడుకుందాం.

మీ పెదనాన్న