మావారు పిస్టల్ కొన్నారు, పిల్లలకు ఏం నేర్పాలి?

టెక్సాస్‌లో ఉంటున్నాం, మావారు ఈమధ్యే పిస్టల్ కొన్నారు, ఎనిమిదేళ్ల బాబుకీ ఐదేళ్ల పాపకీ ఏం చెప్పాలి అని అడిగారు. ముందు మీవారికి చెప్పండి, పిల్లల సంగతి తర్వాత.

నేను తుపాకీ ఉన్న ఇంట్లోనే పెరిగాను. నాన్న మిలటరీ నుంచి వచ్చాక ఒక బ్యాంకులో గన్‌మన్‌గా చేశారు. పన్నెండు బోరు డబుల్ బ్యారెల్, లైసెన్సు ఆయన పేరు మీదే. తుపాకీ ఇనప్పెట్టెలో, తాళం నాన్న దగ్గర. తూటాలు బీరువాలో, ఆ తాళాలు అమ్మ బొడ్లో. ఇద్దరూ కలిస్తే తప్ప అది పేలేది కాదు. బ్యాంకు మానేశాక ఎన్నికలొచ్చినప్పుడల్లా నాన్న దాన్ని పోలీస్ స్టేషన్లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. అమ్మకి ఆ రోజులంటే ఎంత ఇష్టమో!

శుభ్రం చేసేటప్పుడు నాన్న మమ్మల్ని తరిమేవారు కాదు, వెనక కూర్చుని చూడమనేవారు. తుపాకీని మధ్యకు విరిచి, రెండు గొట్టాల్లోంచీ వెలుతురు కనబడుతోందా అని చూసి, వేలు పెట్టి తడిమి, అప్పుడు గుడ్డ చుట్టిన కడ్డీ తోసేవారు. ఒక దసరా సెలవుల్లో బాబాయి కొడుకు వచ్చి, పట్టుకుంటానని ఒకటే గోల. నాన్న అంతా చూపించి, వాడి చేత కూడా వేలు పెట్టించి, మూసి చేతికిచ్చారు. వాడు తిన్నగా నా వైపు గురిపెట్టి నోటితో "ఠాయ్" అన్నాడు. నాన్న గొట్టం పట్టుకుని పైకెత్తేశారు.

"ఖాళీదే కదా పెదనాన్నా!"

"చూశావా?"

"మీరే చూపించారుగా."

"మూశాక చూశావా?"

వాడు నోరెత్తలేదు. సెలవులయ్యేదాకా ఆ పెట్టె మళ్లీ తెరుచుకోలేదు.

వాడేం తెలివితక్కువ వాడు కాదు, చెప్పిందంతా విన్నవాడే. చేతికి రాగానే మగపిల్లాడు మగపిల్లాడే. అమెరికాలో 1988 నుంచీ పిల్లలకు "ఆగు, ముట్టుకోకు, పారిపో, పెద్దవాళ్లకి చెప్పు" అని నేర్పుతున్నారు. మంచిదే, మీ పాపకి నేర్పండి. కానీ అట్లాంటాలో డాక్టర్లు మగపిల్లల్ని ఒక గదిలో వదిలి, సొరుగులో నిజం పిస్టల్ దాచి చూశారు. 2001లో అచ్చయింది. పిస్టల్ కంటబడిన పిల్లల్లో ఎక్కువమంది దాన్ని చేత్తో పట్టుకున్నారు, వాళ్లలో చాలామంది జాగ్రత్తలు నేర్చుకున్నవాళ్లే. అందుకే నేను పాఠాల కంటే తాళాన్ని నమ్ముతాను. టెక్సాస్ చట్టం కూడా అంతే. పేలడానికి సిద్ధంగా ఉన్న తుపాకీని అజాగ్రత్తగా వదిలేసి, అది 17 ఏళ్లలోపు వాళ్ల చేతికి అందితే కేసు పెద్దవాళ్ల మీదే.

ఇంకో మాట. ఇక్కడ మనవాళ్లకి ఇండియా నుంచి అత్తమామలు రాగానే షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లి, చెవులకి మఫ్లు పెట్టి ఫొటోలు తీసి వాట్సాప్‌లో పెట్టడం ఒక సరదా అయిపోయింది. పక్కనే పిల్లలు చూస్తుంటారు. తుపాకీ అంటే ఫొటోలో హీరోలా కనబడే వస్తువని వాళ్లకి నేర్పుతున్నది మనమే.

మీ ఇంట్లో తాళం వేస్తారు సరే, బాబు ఆడుకోవడానికి వెళ్లే ఇళ్ల మాటేంటి? "వేరుశెనగలు పడవు" అని చెప్పి పంపిస్తాం కదా, అదే ఫోన్లో "మీ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసే ఉంటుందా" అని అడిగేయండి. నేను అడుగుతాను. ఒకావిడ ముఖం మాడ్చుకుంది, మాడ్చుకోనీ.

మీ లాకర్ కోడ్ బాబు పుట్టినరోజే అయితే మాత్రం ఈ రాత్రే మార్చండి. వాడికి ఎనిమిదేళ్లు, మొదట నొక్కేది అదే.